నార ప్రెస్సులో చేపల అరుగులు

"అవి కూర్చోడానికి కాదమ్మా. చేపలు పెట్టడానికి."

"మరి మేమెక్కడ కూకోవాల?"

"మీరు కూర్చోరు. అరుగు వెనకాల నిలబడతారు."

"ఎంతసేపు?"

"చేపలు అమ్ముడయ్యేదాకా."

"బాబూ, నీకు పెల్లయిందా?"

"దానికీ దీనికీ ఏమిటమ్మా సంబంధం?"

"మీ ఇంట్లో ఆడమనిసిని ఓ పూట ఎండెక్కేదాకా కదలకుండా నిలబెట్టి సూడు. సాయంత్రం నీకు కూడెవులు పెడతారో అప్పుడు తెలుస్తాది."

నా వెనకాల ఆడవాళ్ళు నవ్వేరు. ఆయన నవ్వలేదు. చేతిలో కాగితం చుట్ట విప్పి మళ్ళీ చుట్టేడు.

"మీ మంచికే చెబుతున్నాను. ఇన్నాళ్ళూ బురదలో, ఈగల మధ్య, నేలమీద..."

"బురదలో ఉన్నా కూకునే ఉన్నాం. ఇంకోటి. ఈ వాలేటి, కొనేవోడి పక్కకి పెట్టించేవు?"

"చేప బాగా కనబడాలని."

"కనబడ్డం మాట దేవుడెరుగు. సేప నీల్లు ఆడి పంచి మీదకెల్తాయి."

"వెళ్ళవమ్మా. అంచున సన్నటి కాలువ పెట్టించేను. నీళ్ళు అందులోంచి పక్కకి పోతాయి."

"నీల్లకి సదువు నేదు బాబూ. నువ్వు సెప్పినట్టు ఎల్లవు."

ఆ తగువు అరవైల చివర్లో, వంశధార సముద్రంలో కలిసే చోటుకి కొంచెం ఇవతల, ఏటి ఒడ్డున ఉన్న పాత నార ప్రెస్సులో జరిగింది. ఆయన మద్రాసు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. నేను చేపలమ్ముకునే మనిషిని, అక్కడి ఆడవాళ్ళందరి తరఫునా నోరు చేసుకునేదాన్ని. నాది ఉద్యోగం కాదని మా మనవరాలు అంటుంది. జీతం లేదు, సెలవు లేదు, పై అధికారి లేడు, అదేం ఉద్యోగమని దాని వాదన. పై అధికారి లేడని ఎవరు చెప్పేరు దానికి? సముద్రం ఉంది. మొగుడున్నాడు, అత్తగారుంది, బేరగాడున్నాడు. పెళ్ళయిన ఏడాది నెత్తికెత్తిన గంప మనవలు పుట్టేక దింపేను. చదివింది రెండో తరగతి. అంచేత ఇందులో పెద్ద మాటలు వెతక్కండి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, కాగితం కూడా దుబారా చెయ్యను.

ఆ కట్టడం సంగతి ముందు చెప్పాలి. మా అత్తగారి కాలంలో పల్లెల నుంచి గోగునార బళ్ళమీద వచ్చేదిట. దాన్ని పెద్ద ఇనప మరలో పెట్టి నొక్కి, బేళ్ళు కట్టి, పడవల మీద ఓడలకి చేరేసేవారు. ఓడలు రావడం మానేసేయి, ప్రెస్సు మూతబడింది. పెంకులు సగం గాలివానలు ఎత్తుకుపోయేయి. గోడలు మాత్రం ఏనుగుల్లా నిలబడి ఉండేవి. ఏటివైపు గోడ నీడలో, రాతిమెట్ల మీద, మేం గంపలు దింపి కూర్చునేవాళ్ళం. ఎవరూ ఇచ్చిన చోటు కాదది. మా అత్త కూర్చుంది, ఆవిడ పక్కన నేను కూర్చున్నాను, నా పక్కన నా తోటికోడలు. అంతే దస్తావేజు.

అలాంటి కొంపని చేపల బజారు చేస్తామని మత్స్యకారుల సంఘంవాళ్ళు అన్నారు. సర్కారు సాయం వచ్చింది. దాంతోపాటు ఈ ఆర్కిటెక్టు వచ్చేడు. సన్నగా, తెల్లగా, నల్లఫ్రేము కళ్ళద్దాలు పెట్టుకుని, ఊదితే ఎగిరిపోయేట్టు ఉండేవాడు. నేను మొదట 'ఇంజనీరు బాబూ' అని పిలిస్తే, ఇంజనీరు కాదు ఆర్కిటెక్టునని అన్నాడు. తేడా ఏటని అడిగేను. చాలాసేపు చెప్పేడు. నాకు అర్థమైంది ఇదీ: పడిపోకుండా కట్టేవాడు ఇంజనీరు, పడిపోతుందేమోనని మనం నోరు తెరిచి చూసేలా కట్టేవాడు ఆర్కిటెక్టు.

అన్నట్టుగానే కట్టేడు. పాత గోడలకి గచ్చు పూయనివ్వలేదు, ఇటిక ఇటికలాగే కనబడాలన్నాడు. ఆ మాటకి మాత్రం నేను మెచ్చుకున్నాను, సున్నం మిగిలింది. ఏటివైపు గోడని నిలువునా కోయించి గాలికి వదిలేసేడు. పైన కాంక్రీటుతో కప్పు వేయించేడు. మామూలు కప్పు కాదు, మడతలు మడతలుగా, ఆడదాని చీర కుచ్చిళ్ళలాగ. దాని కింద స్తంభాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. మా తోటికోడలు నాలుగురోజులు దానికింద అడుగు పెట్టలేదు. "అప్పా, కుచ్చిల్లు జారితే ఏటి గతి?" అని దాని భయం. ఇంక నడిమధ్య ఆ పాత ఇనప మరని తియ్యొద్దన్నాడు. దానికి నల్లరంగు వేయించి, దాని చుట్టూ చేపల అరుగులు కట్టించేడు, పైన నల్ల కడప రాయి పరిచి, అద్దంలా నున్నగా అరగదీయించి. తుక్కుకింద అమ్మితే ఎంతో పలికే ఇనుమది. అడిగితే, "ఇది ఈ కట్టడం జ్ఞాపకం అమ్మా" అన్నాడు. జ్ఞాపకాలకి రంగెయ్యడం అప్పుడే చూసేను.

ఇంతాచేసి ఆయన చేప తినడు. పుట్టి బుద్ధెరిగేక చేపని ముట్టుకోలేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే మాకు బజారు కట్టేడు. తిట్టడానికి చెప్పటం లేదు. చేప తినేవాళ్ళు చాలామంది ఉన్నారు మా చుట్టుపక్కల, ఒక్కడు కూడా మా నెత్తిన నీడ వెయ్యలేదు.

పని జరిగినన్నాళ్ళూ నేను రోజూ ఓసారి చూసొచ్చేదాన్ని. పారేసేవి చాలా ఉండేవి. ఖాళీ సిమెంటు గోనెలు దులిపి ఉతికి ఎండుచేపలకి వాడేను. వంకరపోయిన మేకులు సాపు చేయించేను. ఆయన తప్పుగీసి విసిరేసిన నీలం కాగితాలు తెచ్చి నెత్తళ్ళు పొట్లాలు కట్టేను. మర పక్కన పడున్న టేకు దిమ్మలు, నార నొక్కేటప్పుడు అడుగున పెట్టేవిట, మోకాటి పైకి వచ్చేటంత ఎత్తు ఒక్కోటి, అవి తుక్కని మేస్త్రి బయట పారేయించేడు. అడిగి మరీ తెచ్చుకున్నాను. వానాకాలానికి పొయ్యిలోకి పనికొస్తాయని పెరట్లో పేర్చేను.

తగువు అంతా అరుగుల ఎత్తు దగ్గరే వచ్చింది. నడుమెత్తు పెట్టేడు. పైగా సంఘం గుమాస్తా ఒకడుండేవాడు. జేబులో రెండు కలాలు, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. ఐసుపెట్టెలు లారీలో వేసుకుని తిరిగే పట్నం వ్యాపారులతో ఆ మధ్య వాడికి స్నేహం బాగా ముదిరింది. వాడు మా అందర్నీ నిలబెట్టి చెప్పేడు.

"కొత్త బజారుకి కొత్త పద్ధతి. చేప అరుగు మీదుండాలి, మనిషి అరుగెనకాల ఉండాలి. అలగ అమ్మగలిగినోళ్ళకే చోటు. సేతకాదంటే సెప్పండి, ఐసుపెట్టెలోళ్ళు సిద్దంగా ఉన్నారు."

"మా అత్త కూకున్న సోటు బాబూ అది," అన్నాను.

"మీ అత్త సంతకం ఎక్కడున్నాదో సూపించు."

మా అత్తకి సంతకం రాదు. వచ్చినా ఆవిడ కూర్చున్నది మెట్టు మీద, మెట్టు మీద ఎవరు సంతకం పెడతారు? అరుగెనకాల నిలబడితే మోకాళ్ళు పోతాయి, నిలబడకపోతే చోటు పోతుంది. చోటు పోతే తట్ట నెత్తిన పెట్టుకుని ఎండలో ఊళ్ళమ్మట తిరగాలి. మాలో సగంమందికి ఆ వయసు దాటిపోయింది.

నిలబడ్డం నేర్చుకుందామని అందర్నీ పోగు చేసేను. మీరు నవ్వుతారు, నిలబడ్డం నేర్చుకోడమేటని. గంప నెత్తినెట్టుకుని కోసులు నడవమంటే నడుస్తాం. ఉన్నచోట ఊరికే నిలబడ్డం వేరే విద్య. మేం వండేది కూర్చుని, చేప కోసేది కూర్చుని, తగువాడేది కూడా కూర్చునే. నా వియ్యపురాలు బాగా బరువైన మనిషి. ఆవిడ ఇంటిదగ్గర గుంజ పట్టుకుని సాధన చేసింది. "వదినా, నిలబడ్డాను గానీ మాటలు రావటం నేదు. కూకుంటేగానీ నాకు బేరం తోచదు," అంది. నా తోటికోడలు నిలబడినప్పుడల్లా ఎవరో పిలిచేరనుకుని బయల్దేరిపోయేది.

ఇంకో మనిషిని చెప్పి అసలు రోజులోకి వస్తాను. పొరుగూరి పెద్దరైతు ఒకాయన ఉండేవాడు. ఇస్త్రీ పంచె, చేతిలో వెండిపొన్ను కర్ర. రోజూ తెల్లారేసరికి వచ్చేవాడు. ఎందుకంటే మాకు బోణీ పట్టింపు. మొదటి బేరం వెనక్కి పంపితే ఆ రోజంతా గంప కదలదు. అది ఆయనకి తెలుసు. మెట్టుమీద కూర్చున్న మా నెత్తులమీంచి వంగి, కర్రతో చేపని ఇటు తిప్పి అటు తిప్పి, కర్ర మొనతోనే మొప్ప ఎత్తి, "ఇదేటే, నిన్నటిదా?" అనేవాడు. ఊరంతా, పెంటలూ పేడలూ తొక్కిన కర్ర అది. ఆ కర్ర పొడిచిన చేపని ఇంకొకరికి అమ్మాలంటే నాకు ప్రాణం చచ్చేది. ఆయన అడిగిన ధరకి ఇవ్వాలంటే ఇంకా చచ్చేది. కానీ బోణీ. నోరు మూసుకుని ఇచ్చేదాన్ని. నా నోరు మూసిన మొనగాడు ఆ జిల్లాలో ఆ కర్ర ఒక్కటే.

ప్రారంభం రోజు వచ్చింది. పెద్ద ఆఫీసరు రిబ్బను కోస్తాడన్నారు. మామిడాకులు, మేళం, ఫొటోగ్రాఫరు అన్నీ ఏర్పాటయ్యేయి. మేం పెట్టెలో చీరలు తీసి కట్టుకుని, పొద్దున్నే వెళ్ళి అరుగుల వెనకాల వరసగా నిలబడ్డాం. చేపలు గంపల్లోనే ఉంచమన్నాడు ఆర్కిటెక్టు, ఆఫీసరు గుమ్మంలోకి వచ్చేక రాతిమీద పరిస్తే తాజాగా మెరుస్తాయని. తడిగోనె కప్పి ముందువైపు కింద పెట్టేం.

ఆఫీసరు రాలేదు. కారు చెడిందన్నారు. తర్వాత, కారు బాగయింది గానీ ఎవరింట్లోనో ఫలహారానికి ఆగేరన్నారు. ఎండ ఏటిమీంచి లోపలికి వచ్చింది. ఆర్కిటెక్టు మర చుట్టూ తిరుగుతున్నాడు, దానిమీద పడ్డ దుమ్ము రుమాలుతో తుడుస్తున్నాడు. ముక్కు సంగతి మర్చిపోయేడు పాపం.

"అప్పా, కాలు దిమ్మెక్కిపోనాది," అంది తోటికోడలు.

"రెండోకాలు మీద నిలబడు."

"అదీ ఎక్కిపోనాది."

"నోర్మూసుకుని నిలబడు. సోటు కావాలా వద్దా?"

కాసేపటికి అటు చూస్తే, నా వియ్యపురాలు అరుగు అంచుమీద కొద్దిగా ఆనుకుని ఉంది. మళ్ళీ చూస్తే ఆనుకోవడం కూర్చోవడమైంది. ఇంకోసారి చూసేసరికి బాసింపట్టు వేసుకుని అరుగు నడుమ స్థిరపడిపోయింది. "వదినా, రాయి సల్లగా మంచంలాగున్నాది," అంది. తప్పు ఆవిడది కాదు. అంత నున్నటి, చల్లటి, శుభ్రమైన రాయి మేం ఎవరం పుట్టేక ఎరగం. ఎత్తైన అరుగు కనబడితే ఎక్కి కూర్చోవాలని మా ఒంట్లోనే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఎక్కేసేరు. నేను తిడుతూనే ఉన్నాను. తిడుతూ తిడుతూ ఉండగా మోకాళ్ళు నన్నడక్కుండా నన్నూ ఎక్కించేసేయి. అందరికంటే చివర ఎక్కింది నేను, అది మాత్రం రాసుకోండి.

సరిగ్గా అప్పుడు మేళం మోగింది.

ఆఫీసరు లోపలికి వచ్చేడు. లావుపాటి మనిషి. ఎదురుగా కుచ్చిళ్ళ కప్పు కింద, నడుమెత్తు అరుగుల మీద, వరసగా మేం. బొమ్మల కొలువులో పెట్టినట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. చేపలు కింద, మా పాదాల దగ్గర. ఆయన తలెత్తి మాకు దండం పెట్టేడు, వంగి చేపల్ని చూసేడు, మళ్ళీ తలెత్తేడు. ఇలా ప్రతి అరుగు దగ్గరా చేసేసరికి చెమటలు పట్టేయి. ఇది ఇలాగే ఏర్పాటు చేసేరనుకున్నాడు.

"చాలా బాగుంది. ఆడవాళ్ళకి మంచి ఉన్నత స్థానం ఇచ్చేరు," అన్నాడు ఆర్కిటెక్టు భుజం తట్టి. ఫొటోగ్రాఫరు ఫొటో తీసేడు. ఆ ఫొటోలో ఆర్కిటెక్టు మొహం చూస్తే ఇంట్లో ఎవరికో బాగులేదని తంతి వచ్చిందనుకుంటారు.

కారు వెళ్ళేదాకా గుమాస్తా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత కిళ్ళీ ఉమ్మి వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"సాలు. సూసేం మీ సంబడం. రేపు పొద్దున్న బోణీ యేలకి అరుగుమీద సేప కాకండా మనిసి కనబడితే, ఐసుపెట్టెల లారీ గుమ్మంలోనే ఉంటాది. ఎల్లుండి నుంచి మీరు మీ మెట్లు కూడా మర్సిపోండి."

ఆ సాయంత్రం ఆడవాళ్ళందరూ మా వాకిట్లో కూడేరు. సగంమంది నన్ను తిట్టేరు, సగంమంది నా వియ్యపురాల్ని. దీపాలు పెట్టక ముందే ఆర్కిటెక్టు వచ్చేడు, బూట్లు చేత్తో పట్టుకుని, ఇసకలో పడుతూ లేస్తూ. కుర్చీ మా ఇంట్లో లేదు. పెరట్లో టేకు దిమ్మ ఒకటి దొర్లించుకొచ్చి వేసేను. కూర్చున్నాడు. బెల్లం టీ ఇచ్చేను. మా ఇంట్లో తాగడేమో అనుకున్నాను, తాగేడు.

"పరువు తీసేరు," అన్నాడు.

"నువ్వు మోకాల్లు తీసేవు. ఆ ఎత్తు ఎవులు సెప్పేరు నీకు?"

"మద్రాసులో కొత్త వంటగదులన్నీ ఆ ఎత్తే. మా అమ్మకి కూడా నేనే కట్టించేను."

"అంతకుముందు కూకునే వొండేదా మీయమ్మ?"

"ఆఁ."

"ఇప్పుడేటంటాది?"

ఆయన టీ గ్లాసులోకి చూసేడు. "మోకాళ్ళు నొప్పులంటుంది," అన్నాడు.

వాకిలంతా నవ్వింది. ఆయనకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం అదే మొదటిసారి, మనిషి కొంచెం లావైనట్టు కనబడ్డాడు.

"నవ్వండి. మరి మీరు చేసిందేమిటి? అరుగెక్కి కూర్చుంటే కొనేవాడు మీ కాళ్ళతో బేరమాడాలా? కిందే కూర్చుంటామంటే ఆ పాత మెట్లే ఉంటే సరిపోయేది కదా. నేనెందుకు, ఈ ఖర్చంతా ఎందుకు? చెప్పండి, నేలమీద కూర్చోడం అంత బాగుందా మీకు?"

అందరూ నావైపు చూసేరు. నా తోటికోడలే నోరు విప్పింది.

"బాగున్నాదేటి బాబూ. ఆ కర్ర పెద్దమనిసి పొద్దునే ఒచ్చి మా నెత్తిమీంచి సేపని కుల్లబొడుస్తాడు. మాయప్పే నోరెత్తదు."

"ఊరుకోయే," అన్నాను.

"ఏం కర్ర?" అన్నాడు ఆర్కిటెక్టు.

చెప్పేం. అందరం ఒకేసారి చెప్పేం. ఆయన గ్లాసు కింద పెట్టేసేడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగేవేటి? సేపల బరువడిగేవు, నీల్లెన్ని కావాలో అడిగేవు. కర్ర సంగతి అడిగేవేటి?"

"అడగలేదు," అని ఒప్పుకున్నాడు. నేను ఆ ఒప్పుకోలుకి ఇంకో అరగ్లాసు టీ పోసేను. మామూలుగా రెండోసారి పొయ్యను.

పోస్తున్నప్పుడే జరిగింది. నేను నిలబడి ఉన్నాను, ఆయన దిమ్మమీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మొహాలూ ఇంచుమించు ఎదురెదురుగా వచ్చేయి. నేను వంగలేదు, ఆయన తలెత్తలేదు. ఆయన నన్ను చూసేడు, నేను దిమ్మని చూసేను. అప్పుడు "ఇవి అరుగెనకాల ఏసుకుంటే?" అని ముందు నేనే అన్నాను. ముందు ఆయనే అన్నాడని నా తోటికోడలు చచ్చేదాకా వాదించింది. నేనేదైనా అన్నానంటే ఒప్పుకోడం దానికి ఇష్టం ఉండేది కాదు.

"ఇది ఎక్కడిది?" అని దిమ్మ తడిమేడు ఆయన.

"నీ ప్రెస్సుదే. పొయ్యిలోకని తెచ్చుకున్నాను."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"కొన్ని ఉన్నాయి. కొన్ని అన్నమైపోనాయి."

ఆయన నెత్తి పట్టుకున్నాడు. తర్వాత, ఎత్తుపల్లాలుగా ఉన్న ఈ దిమ్మలు పెడితే తన అరుగుల వరస చెడిపోతుందని కాసేపు బాధపడ్డాడు. బాధపడ్డం అయ్యేక ఒకదాన్ని తనే దొర్లించేడు. వెలుగుండగానే అందరం తలో దిమ్మా దొర్లించుకుంటూ ఇసకలో బయల్దేరేం. మద్రాసు మనిషి ఫాంటు మడిచి దిమ్మ తోస్తూంటే దారిలో జనం నిలబడి చూసేరు. దిమ్మలు అందరికీ చాల్లేదు. నా వియ్యపురాలు ఇంట్లో రోలు తెచ్చి బోర్లించింది. ఆవిణ్ణి మొయ్యడానికి టేకు చాలదు, రాయే సరైందని అందరం ఒప్పుకున్నాం.

అన్నీ సర్దేక ఆర్కిటెక్టు అరుగు రాతిమీద చెయ్యి రాసి, "ఆ వాలు ఒక్కటే నాకు అనుమానంగా ఉంది. మీరన్నది నిజమేనేమో. నాలుగు రోజులు ఆగితే రాయి తీయించి సరిచేయిస్తాను," అన్నాడు.

"ముందు రేపు గడవనీ," అన్నాను.

తెల్లారింది. పడవలు ఒడ్డుకి కొట్టేయి. చేపలు రాతిమీద పరిచేం, అరుగుల వెనకాల కూర్చున్నాం. ఐసుపెట్టెల లారీ చెప్పినట్టే గుమ్మం బయట ఆగి ఉంది. గుమాస్తా దాని తలుపుకి ఆనుకుని కిళ్ళీ నములుతున్నాడు. ఆర్కిటెక్టు ఇనప మర చాటున, ముక్కుకి రుమాలు పెట్టుకుని నిలబడ్డాడు. నా ముందు కోనాం చేప ఉంది, మద్రాసులో వంజరం అంటారు. చేతంత పొడుగు, నూనె రాసినట్టు నున్నగా.

పెద్దరైతు వచ్చేడు. అలవాటుకొద్దీ కిందకి చూసేడు, అక్కడ ఎవరూ లేరు. తలెత్తితే నా మొహం ఎదురుగా ఉంది. కొంచెం తడబడ్డాడు. వెంటనే కర్ర ఎత్తి, అరుగుమీదికి చాపి, చేప పొట్టలో పొడిచేడు.

చేప కదిలింది. రాయి నున్నన, చేప జిగురు, వాలు ఆయన వైపు. అది తొందరేమీ లేకుండా, పడవ ఏట్లోకి దిగినట్టు అరుగు దిగి, ఆ సన్నటి కాలువని దాటి, ఆయన పంచె ముందుభాగం మీదుగా జారి, కాలిమీద పడింది. దాని వెనకాలే నీళ్ళు వెళ్ళేయి.

ఎవరూ నవ్వలేదు. నా వియ్యపురాలు మాత్రం రోలుమీద గట్టిగా దగ్గింది.

నేను దిగి, చేప తీసి, కడిగి, మళ్ళీ రాతిమీద పెట్టేను. "సేత్తో పట్టుకు సూడండి బాబూ. కర్రెడితే జారిపోతాది," అన్నాను.

ఆయన పంచె చూసుకున్నాడు, అరుగు చూసేడు, లారీ వైపు చూసేడు. లారీలో ఐసు కింద చేపలు ఏనాటివో ఆయనకీ తెలుసు. కర్ర ఇనప మరకి ఆనించేడు. పంచె ఎగ్గట్టుకున్నాడు. ఎడంచేత్తో చేప తల నొక్కిపట్టి, కుడిచేతి వేలితో మొప్ప ఎత్తి చూసేడు. లోపల ఎర్రగా ఉంది.

ధర అడిగేడు. చెప్పేను. తగ్గించమన్నాడు. తగ్గించలేదు. బోణీ కదా అన్నాడు. "అవును, బోనీయే," అన్నాను. ఇచ్చేడు, తీసుకున్నాడు, చేతులు కడుక్కోడానికి ఏట్లోకి దిగేడు.

లారీ కాసేపు ఉండి వెళ్ళిపోయింది. గుమాస్తా కూడా దాంట్లోనే ఎక్కేడు. మర చాటు నుంచి ఆర్కిటెక్టు వచ్చి, వాలు సరిచెయ్యడానికి మేస్త్రిని ఎప్పుడు పంపమంటారని అడిగేడు. వద్దని చెప్పేను.